కామర్స్ టీచర్ కావాలంటే బీకాం తర్వాత బీఈడీనా, ఎంకామా?

సీఈసీ_సిద్దిపేట
అందరికీ నమస్తే. నేను బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఇంటర్‌ల సీఈసీ చదివిన, అప్పటి నుంచి ఒకటే ఆలోచన, బడిల కామర్స్ చెప్పాలని. బ్యాంకు పరీక్షలు రాయమని నాయిన. బీఈడీ చెయ్యమని మా కాలేజీ సార్. ఎంకాం చేస్తే చాలు, బీఈడీ దండుగ అని మా సీనియర్. ఇంకో సంగతి, మా చెల్లె కూడా సీఈసీ రెండో సంవత్సరం, దానికీ టీచరే కావాలంట. ఇద్దరం ఒకే తొవ్వల పోవాల్నా, వేరే వేరే పోవాల్నా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మెథడ్_సోషల్
తమ్ముడూ, ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. పదో తరగతిలో కామర్స్ అనే సబ్జెక్టు ఎక్కడుంది? మన రెండు రాష్ట్రాల స్టేట్ సిలబస్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, అంతే. కామర్స్ మొదలయ్యేదే ఇంటర్లో. అంటే సర్కారు టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ కామర్స్ అనే పోస్టే లేదు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాస్తే నీకొచ్చే మెథడాలజీ, అంటే ఎలా చెప్పాలో నేర్పే సబ్జెక్టు, సోషల్ స్టడీస్. అక్కడ కామర్స్ మెథడాలజీ అనేది లేదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ పేపర్ 2లో 150 మార్కులకి 60 సోషల్‌వి. నువ్వు పదో తరగతి తర్వాత ముట్టుకోని చరిత్ర, భూగోళం అన్నీ మళ్ళీ మొదట్నుంచి చదవాలి.

నేనూ బీకామే. బీఈడీలో ఇంటర్న్‌షిప్‌కి పంపితే ఎనిమిదో తరగతికి జాతీయోద్యమం పాఠం చెప్పాను, గోడకి భారతదేశం మ్యాపు తగిలించి నదులు గుర్తించమన్నాను. బోధన నేర్చుకున్నానా అంటే నేర్చుకున్నాను. కామర్స్ బోధన నేర్చుకున్నానా అంటే ఒక్క పీరియడ్ కూడా లేదు. రెండేళ్ళలో జర్నల్ ఎంట్రీ అన్న మాట నా లెసన్ ప్లాన్‌లో రానే లేదు. నువ్వు కావాలనుకుంటున్నది కామర్స్ టీచర్. బీఈడీ నిన్ను చేసేది సోషల్ టీచర్.

పాత_జేఎల్
సోషల్ సార్ చెప్పింది అక్షరాలా నిజం. కామర్స్ ఉన్నది ఇంటర్లో, అక్కడ చెప్పేది జూనియర్ లెక్చరర్. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఆ పోస్టుకి కావాల్సింది ఎంకాం. బీఈడీ అడగరు. 2022 డిసెంబరులో టీఎస్‌పీఎస్సీ 1,392 జేఎల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జనరల్ స్టడీస్ పేపరు 150 మార్కులకి, సబ్జెక్టు పేపరు 300 మార్కులకి పెట్టారు. అంటే గెలిపించేది సబ్జెక్టే. బీఈడీలో పోసే రెండేళ్ళు అకౌంటెన్సీలో పొయ్యి బాబూ.

టాలీ_ప్రైమ్
ఎంకాం, బీఈడీ, టెట్, డీఎస్సీ... ఇంత కష్టపడితే సీఏ ఇంటర్ పాసవ్వొచ్చు కదా బ్రో 😄

పాత_జేఎల్
పాసవ్వొచ్చు. కానీ అతను అడిగింది పాఠం చెప్పడం గురించి, ఆడిటింగ్ గురించి కాదు.

చాక్‌పీస్_మేడమ్
ఇద్దరు సార్లూ కామర్స్ బోధన అంటే రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను సీబీఎస్‌ఈ స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకి అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ చెబుతాను. మా దగ్గర ఆ రెండు తరగతులూ స్కూల్లోనే ఉంటాయి, అందుకే వాటికి పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) కావాలి. పీజీటీ అంటే పీజీతో పాటు బీఈడీ, ఏ ఒక్కటి లేకపోయినా దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ కామర్స్‌కి 50 శాతంతో ఎంకాం, దాని మీద బీఈడీ. నవోదయల్లోనూ దాదాపు ఇంతే. గల్ఫ్ దేశాల్లో సీబీఎస్‌ఈ స్కూళ్ళకి వెళ్ళిన మా తోటి టీచర్లని కూడా మొదట అడిగింది బీఈడీ సర్టిఫికెట్టే.

తమ్ముడూ, చాలామంది పట్టించుకోని ఒక షరతు ఉంది. కేవీఎస్ నోటిఫికేషన్లలో పీజీటీ కామర్స్ అర్హత కింద, అప్లైడ్ ఎకనామిక్స్‌లోనో బిజినెస్ ఎకనామిక్స్‌లోనో ఎంకాం చేసినవాళ్ళు అర్హులు కారు అని ప్రత్యేకంగా రాస్తూ వచ్చారు. నవోదయ అయితే అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ లాంటిది ప్రధాన సబ్జెక్టుగా ఉండాలంటుంది. కాబట్టి ఎంకాం చెయ్యి అంటే సరిపోదు, ఏ ఎంకామో కూడా చెప్పాలి. ఊళ్ళో కాలేజీలో సీటు దొరికింది కదా అని ఏదో ఒక స్పెషలైజేషన్‌లో చేరిపోతే తర్వాత ఎంత ర్యాంకు వచ్చినా లాభం లేదు.

ఇంకోటి. బీకాం, బీఈడీ ఉంది కదా, ముందు కేంద్రీయ విద్యాలయంలో పది దాకా చెప్పే టీజీటీ సోషల్‌కి పోదాం అనుకుంటావేమో. అక్కడ డిగ్రీలో చరిత్ర, భూగోళం, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్సుల్లో రెండు చదివుండాలి, ఆ రెండిట్లో ఒకటి చరిత్రో భూగోళమో అయి తీరాలి. బీకాం వాళ్ళకి ఆ గుమ్మం మూసే ఉంటుంది.

మెథడ్_సోషల్
మేడమ్, మీరు చెప్పిందాంట్లోనే నా జవాబు ఉంది. నౌకరికి బీఈడీ ఒక కాగితం, అంతే. దానివల్ల మీరు అకౌంటెన్సీ బాగా చెప్పగలుగుతున్నారా? మనసు మీద చెయ్యేసుకుని చెప్పండి.

చాక్‌పీస్_మేడమ్
అడిగారు కాబట్టి చెబుతాను సార్. పన్నెండో తరగతి అకౌంటెన్సీలో థియరీకి 80 మార్కులు, ప్రాజెక్టుకి 20. ఆ 80లో 36 భాగస్వామ్య లెక్కలవే. అందులో కొత్త భాగస్వామి చేరే అధ్యాయం దగ్గరే పిల్లలు ఆగిపోతారు. ఒక వ్యాపారంలో ఇద్దరు 3:2లో లాభాలు పంచుకుంటున్నారు. మూడో మనిషి ఐదో వంతుకి చేరాడు. గుడ్‌విల్, అంటే వ్యాపారానికున్న మంచి పేరు, విలువ లక్ష. కొత్తవాడు 20,000 తెస్తే పాతవాళ్ళలో ఒకరికి 12,000, ఇంకొకరికి 8,000 వెళ్తాయి. సూత్రం బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి ఇస్తే తెల్లముఖం వేస్తారు.

నేను సూత్రం రాయను. మొదట వెనక బెంచీ అబ్బాయి ఒకడు అడిగాడు, "మేడమ్, వాడు పెట్టుబడి ఎలాగూ తెస్తున్నాడుగా, మళ్ళీ వీళ్ళకి ఎందుకివ్వాలి?" అని. ఆ ప్రశ్ననే పట్టుకున్నాను. మీ వీధిలో పదేళ్ళుగా నడుస్తున్న కిరాణా కొట్టులో రేపు నువ్వు చేరితే, ఆ కొట్టుకొచ్చే ఖాతాదార్లు నీకు ఊరికే వస్తారా అన్నాను. మొదటతను తన వాటాలోంచి మొత్తం లాభంలో 25లో 3 వంతులు వదులుకున్నాడు, రెండోవాడు 2 వంతులు. వదులుకున్నవాడికి వదులుకున్నంత. అక్కడికొచ్చేసరికి సూత్రం వాళ్ళే చెప్పేశారు. తెలిసినదాన్నుంచి తెలియనిదానికి వెళ్ళమనేది బీఈడీలో బట్టీ పట్టిన మాటే. పట్టినప్పుడు నాకూ విసుగే. మీరు జాతీయోద్యమం చెబుతూ నేర్చుకున్నదీ అదే సార్. అదే పనిని జర్నల్ ఎంట్రీ మీద ఎందుకు పెట్టరు?

మెథడ్_సోషల్
మీకు సహజంగా వచ్చిన నేర్పుని కోర్సు ఖాతాలో జమ వేస్తున్నారు. బీఈడీ చేసి కూడా చదివి రాయించేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అయినా నా గొడవ అది కాదు. తమిళనాడులో బీఈడీకి కామర్స్ మెథడ్ విడిగా ఉంది, ఎంకాం చేసినవాళ్ళకే అందులో సీటు. అంటే సబ్జెక్టు పూర్తిగా చేతికొచ్చాకే బోధన నేర్పుతారు. పక్క రాష్ట్రానికి చేతనైనది మనకి ఎందుకు చేతకాదు? కామర్స్ మెథడ్ పెట్టకుండా బీకాం పిల్లల్ని ఎడ్‌సెట్‌లోకి రానిచ్చి సోషల్ బల్ల మీద కూర్చోబెట్టడం సీట్లు నింపుకోవడానికి కాకపోతే ఇంకెందుకు?

పాత_జేఎల్
ఈ ఒక్క విషయంలో ఇద్దరూ కలిసి ఎవరికైనా వినతిపత్రం ఇవ్వండి, నేనూ సంతకం పెడతాను.

మోడల్_స్కూల్_సార్
ఆలస్యంగా చూశాను. తెలంగాణ మోడల్ స్కూళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకే ప్రాంగణం. ఎంపీసీ, బైపీసీతో పాటు ఎంఈసీ, సీఈసీ కూడా ఉన్నాయి. అంటే రాష్ట్ర ప్రభుత్వంలోనే బడిలో కూర్చుని కామర్స్ చెప్పే పీజీటీలు ఉన్నారు. ఈ పోస్టుకీ పీజీ, బీఈడీ రెండూ కావాలి. సర్కారులో కామర్స్ అంటే జేఎల్ ఒక్కటే అని పాత జేఎల్ గారు అనడం పాత లెక్క. పోస్టులు ఎప్పుడు పడతాయన్నది వేరే బాధ, దాని గురించి మాట్లాడితే ఈ రాత్రి నిద్ర పట్టదు.

ఇంకో ముక్క. "బీఈడీ ఉంటే ఏమీ రాకపోయినా ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్) అయినా కొట్టొచ్చు" అని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ మాట చెల్లదు. ప్రాథమిక తరగతులకి డీఈడీ వాళ్ళే.

సీఈసీ_సిద్దిపేట
మేడమ్, సార్లు, అందరికీ థ్యాంక్స్. మరి మా చెల్లె సంగతి? నాలుగేళ్ళ బీకాం బీఈడీ అని ఒకటి వచ్చిందంట కదా?

చాక్‌పీస్_మేడమ్
ఐటెప్ అంటారు తమ్ముడూ. ఇంటర్ తర్వాత ఎన్‌సెట్ రాయాలి, ఎన్‌టీఏ పెడుతుంది. 2023-24 నుంచి మొదలైంది. మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ బీఈడీ కలిపి ఐదేళ్ళు పట్టేది నాలుగేళ్ళలో అయిపోతుంది. 2030 నాటికి టీచర్‌కి కనీస అర్హత నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కావాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. కాబట్టి మీ చెల్లికి ఇది ఆలోచించదగ్గ దారే. అయితే ఐటెప్ ఉన్న ప్రతిచోటా బీకాం బీఈడీ ఉండదు. వరంగల్ ఎన్‌ఐటీలో ఉన్నది బీఎస్సీ బీఈడీ. ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కోర్సు పేరు చూసుకోమను, ఊరి పేరు కాదు.

కానీ జాగ్రత్త. నాలుగేళ్ళు అయ్యాక కూడా తను పదకొండు, పన్నెండు చెప్పాలంటే ఎంకాం చెయ్యాల్సిందే. బీకాం బీఈడీ దగ్గర ఆగితే తొమ్మిది, పది తరగతులకే. సీబీఎస్‌ఈలో ఆ తరగతులకి ఎలిమెంట్స్ ఆఫ్ బిజినెస్, ఎలిమెంట్స్ ఆఫ్ బుక్ కీపింగ్ అని ఐచ్ఛిక సబ్జెక్టులు ఉన్నాయి గానీ, నేను పనిచేసిన ఏ స్కూలూ వాటిని తీసుకోలేదు.

మెథడ్_సోషల్
చూశారా, ఎటు తిరిగినా ఎంకాం దగ్గరికే వచ్చాం.

చాక్‌పీస్_మేడమ్
ఎంకాం వద్దని నేనెప్పుడన్నాను సార్? బీఈడీ ఒక కాగితం, అంతే అన్నది మీరు.

పాత_జేఎల్
తమ్ముడికి నా మాట: ముందు ఎంకాం. అది చదువుతూనే జేఎల్‌కి సిద్ధమవ్వు. బీఈడీ ఆ తర్వాత. పీజీ చేసినవాళ్ళకి ఏడాది బీఈడీ పెట్టే ముసాయిదాని టీచర్ కోర్సుల నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2025లో బయటపెట్టింది కూడా. అది అమల్లోకి వస్తే నీకు ఏడాది కలిసొస్తుంది.

చాక్‌పీస్_మేడమ్
వరసలో నాకు అభ్యంతరం లేదు. ముసాయిదాని నమ్ముకుని కూర్చోవద్దంటాను, అంతే. ఎంకాం అవగానే ఎడ్‌సెట్ రాసెయ్యి. బీఈడీ లేని ఎంకాం వాళ్ళ దరఖాస్తులు మా స్కూలుకి ఏటా వస్తాయి. డెమో కూడా ఇవ్వనివ్వకుండా పంపేస్తారు. అందులో నాకంటే సబ్జెక్టు బాగా వచ్చినవాళ్ళూ ఉంటారు.

సీఈసీ_సిద్దిపేట
సరే మేడమ్, ముందు ఎంకాం అని నాయినతోని మాట్లాడిన. బ్యాంకు పరీక్షలు కూడా రాస్తా అంటే ఒప్పుకున్నడు. మా దగ్గర కాలేజీల ఉన్న ఎంకాం సిలబస్ తెచ్చి ఇక్కడ పెడతా, అది నవోదయకు పనికొస్తదా లేదా కొంచెం చూసి చెప్పండి.

చాక్‌పీస్_మేడమ్
పెట్టు తమ్ముడూ. నాలుగు సెమిస్టర్ల పేపర్ల పేర్లూ రాయి, కాలేజీ పాంప్లెట్ కాదు.

మెథడ్_సోషల్
ఎడ్‌సెట్ ఫీజు కట్టే రోజు వచ్చినప్పుడు మాత్రం తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకం ఒకసారి తిరగెయ్యి తమ్ముడూ. రెండేళ్ళు అదే చెప్పాలి.