ఫోన్ వీడియో మొదట్లో కుదురుతోంది, చివర్లో కుదురుతోంది, మధ్యలో తాళం తప్పుతోంది

మధురవాడ నుంచి:
అందరికీ నమస్కారం. మొన్న కళాభారతిలో ఒక కూచిపూడి రంగప్రవేశం షూట్ చేశాను. కార్యక్రమం 80 నిమిషాలు. ముందు వరస పక్కన ట్రైపాడ్ మీద ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టాను, సెకనుకి 30 ఫ్రేములు. హాలు వెనక మిర్రర్‌లెస్ కెమెరా, 25 ఫ్రేములు. మిక్సర్ నుంచి వైరు లాగి చిన్న రికార్డర్‌లో సౌండ్ తీసుకున్నాను. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్ పెట్టి, రెండు వీడియోలనూ రికార్డర్ సౌండ్‌కి కలిపాను. ఫోన్‌ది మొదట బాగానే ఉంది. అరగంట దాటేసరికి గజ్జెల చప్పుడు ముందు వినిపిస్తోంది, పాదం తర్వాత పడుతోంది. కెమెరాది వేరే గొడవ: ఎక్కడ చూసినా సౌండ్ ఒక పిసరు వెనకే ఉంటోంది. శనివారం అమ్మాయి గురువుగారికి చూపించాలి. టెన్షన్‌గా ఉంది.

గాజువాక నుంచి:
తమ్ముడూ, ఇది 30కీ 29.97కీ ఉన్న తేడా. ఫోన్ క్లిప్ స్పీడ్ 100.1 శాతం పెట్టు, దెబ్బకి సర్దుకుంటుంది. నేను పెళ్లి వీడియోలకి అదే చేస్తాను.

డాబాగార్డెన్స్ నుంచి:
కాస్త ఆగండి. స్పీడ్ మీద చెయ్యి వెయ్యకముందు రెండు పనులు చెయ్యండి.

ఒకటి, మీరు వింటున్నది బ్లూటూత్ హెడ్‌సెట్‌లోనా? అయితే తీసేసి వైరుది పెట్టుకోండి. బ్లూటూత్ సౌండ్ చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుంది. దాన్ని నమ్మి జరిపితే, ఉన్న తప్పుకి ఇంకోటి తోడవుతుంది.

రెండు, ఎంత తేడా ఉందో నాలుగు చోట్ల కొలవండి: మొదట్లో, 30వ నిమిషం దగ్గర, 60 దగ్గర, చివర్లో. గజ్జెలతో కొలవకండి, ఒకేసారి చాలా మువ్వలు మోగుతాయి, ఏది ఏ అడుగుదో తేలదు. నట్టువాంగం చేసేవారి చేతిలో తాళాలు ఫ్రేములో కనిపిస్తున్నాయా? అంతకన్నా మంచి క్లాప్‌బోర్డు ఇంకోటి లేదు. రెండు తాళాలు తగిలే ఫ్రేము పట్టుకోండి, వేవ్‌ఫామ్‌లో, అంటే సౌండ్ గీతలో, ఆ చప్పుడు ముల్లు ఎక్కడుందో చూడండి.

తేడా అంతటా ఒకేలా ఉంటే ఒక రోగం, సమంగా పెరుగుతూ పోతే ఇంకో రోగం, పెరిగి తగ్గితే మూడోది. మూడింటికీ ఒకే మందు వెయ్యడం వల్లే గ్రూపుల్లో సగం గొడవలు.

మధురవాడ నుంచి:
బ్లూటూతేనండీ. వైరుది పెట్టుకుని మళ్లీ కొలిచాను. ఫోన్ క్లిప్ మొదట్లో తేడా సున్నా. 30వ నిమిషానికి బొమ్మ 1.2 సెకన్లు వెనక. 60వ నిమిషానికి 2.4 సెకన్లు వెనక. విచిత్రం ఏంటంటే, తరంగం అనే నాట్యం ఐటమ్ అయ్యాక, అంటే 66వ నిమిషం దగ్గర, బొమ్మే అర సెకను ముందుకొచ్చేసింది. చివరికి మళ్లీ సున్నా.

కెమెరా క్లిప్‌లో మాత్రం నాలుగు చోట్లా రెండు ఫ్రేములే. ఎక్కడా మారలేదు.

గాజువాక నుంచి:
చివర సున్నా అంటే నా 100.1 పనికిరాదు. అయినా వెనకున్నది ముందుకెలా దూకింది?

డాబాగార్డెన్స్ నుంచి:
తరంగంలో లైట్లు తగ్గించారా?

మధురవాడ నుంచి:
అవును, చేతుల్లో దీపాలు పట్టుకుని చేసింది. స్టేజి లైట్లు దాదాపు ఆర్పేశారు. మీకెలా తెలిసింది?

డాబాగార్డెన్స్ నుంచి:
మీ లెక్కలే చెబుతున్నాయి. ఫోన్ 30 అని రాసుకుంటుంది కానీ 30కి కట్టుబడదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచుతుంది, సెకనుకి 24 ఫ్రేములే తీస్తుంది. లైటు వచ్చాక మళ్లీ 30. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ అంటారు. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్లో రాసే ఉంటుంది, అందుకే ఫోన్లోనో, వీఎల్‌సీలోనో చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలాసార్లు ఆ గుర్తుల్ని పట్టించుకోవు. మొత్తం ఫ్రేముల్ని మొత్తం సెకన్లతో భాగించి, వచ్చిన సగటుతో అన్నిటినీ సమంగా పరిచేస్తాయి.

లెక్క చూడండి. 80 నిమిషాలంటే 4800 సెకన్లు. 30 చొప్పున 1,44,000 ఫ్రేములు ఉండాలి. తరంగంలో 16 సెకన్ల పాటు 24కి పడిపోయిందనుకుందాం, 96 ఫ్రేములు తగ్గాయి. సగటు 29.98 అవుతుంది. ఇప్పుడు వెలుతురున్న మొదటి గంటలో నిజంగా 30 చొప్పున తీసిన ఫ్రేముల్ని 29.98 చొప్పున ఆడిస్తే బొమ్మ నెమ్మదిస్తుంది, గంటకి 2.4 సెకన్లు. మీరు కొలిచిందీ అంతే. తరంగంలో తక్కువ ఫ్రేములున్న చోట బొమ్మ పరిగెత్తి, సౌండ్‌ని దాటిపోతుంది. సగటు కాబట్టి చివరికి సున్నా.

ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరవండి, అది ఉచితమే. ఫ్రేమ్‌రేట్ మోడ్ అనే చోట వేరియబుల్ అని ఉంటుంది. కింద కనిష్ఠం, గరిష్ఠం కూడా చూపిస్తుంది.

మధురవాడ నుంచి:
వేరియబులే. సగటు 29.98, అచ్చం మీరన్నట్టే. ఇప్పుడేం చెయ్యాలి?

డాబాగార్డెన్స్ నుంచి:
హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో ఫోన్ ఫైలు వేసి వీడియో ట్యాబ్‌కి వెళ్లండి. ఫ్రేమ్‌రేట్ 30 ఎంచుకోండి. దాని కింద రెండు గుండ్రాలుంటాయి, పీక్ ఒకటి, కాన్‌స్టంట్ ఒకటి. చాలా ప్రీసెట్లలో పీక్ ముందే నొక్కి ఉంటుంది. దాన్ని అలా వదిలేస్తే ఫైలు మళ్లీ వేరియబుల్‌గానే వస్తుంది, రెండు గంటలు కంప్యూటర్ని వేడెక్కించి మళ్లీ ఇక్కడికే వస్తారు. కాన్‌స్టంట్ నొక్కండి. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య ఉంచండి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఫోన్ సౌండ్ తీసెయ్యకండి, కలపడానికి అదే ఆధారం.

తగ్గిన చోట పాత ఫ్రేమునే మళ్లీ పెట్టి 30 నింపుతుంది. దీపాల వెలుగులో ఆ తేడా ఎవరికీ కనపడదు.

భీమిలి నుంచి:
ఫోన్ సంగతి తేలింది కదా, కెమెరా రెండు ఫ్రేముల సంగతి నేను చెబుతాను. కెమెరా స్టేజికి ఎంత దూరంలో ఉంది బాబూ?

మధురవాడ నుంచి:
పాతిక, ముప్పై మీటర్లు ఉంటుందండీ.

భీమిలి నుంచి:
మన ఊరి వేడిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది. 28 మీటర్లకి సెకనులో 80 వెయ్యో వంతులు. 25 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 40 వెయ్యో వంతులు. సరిగ్గా రెండు ఫ్రేములు! కెమెరా మైకుకి సౌండ్ ఆలస్యంగా చేరింది, మిక్సర్‌కి అప్పటికప్పుడే చేరింది. నువ్వు వేవ్‌ఫామ్ చూసి రెండు సౌండ్లనీ కలిపావు కాబట్టి కెమెరా క్లిప్ మొత్తం రెండు ఫ్రేములు ముందుకు లాగబడింది. సౌండ్ వేవ్‌లు అతికినట్టు కుదురుతాయి, బొమ్మ మాత్రం తొందరపడుతుంది. కెమెరా క్లిప్‌ని టైమ్‌లైన్‌లో రెండు ఫ్రేములు కుడివైపుకి జరుపు, అయిపోయింది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు.

టీవీ ప్రసారాలకి ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వాళ్ల లెక్క ఒకటుంది. సౌండ్ ముందొస్తే సుమారు 45 వెయ్యో వంతుల దగ్గరే మనిషి పసిగడతాడు, వెనకొస్తే 125 దాకా పెద్దగా పట్టించుకోడు. ఉపన్యాసాలకి అది చాలు. నాట్యం నేర్పే గురువుగారి దగ్గర ఆ 125 చెల్లదు, ఆవిడ కళ్లు అడుగు మీదే ఉంటాయి.

గాజువాక నుంచి:
మరి 29.97 ఎక్కడ పనికొస్తుంది గురువుగారూ? నా పెళ్లి వీడియోల్లో అది నిజంగానే పనిచేస్తుంది.

భీమిలి నుంచి:
పనిచేస్తుంది, రోగం అదే అయినప్పుడు. అమెరికా వాళ్లు 1953లో కలర్ టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు, రంగు సిగ్నల్ సౌండ్ సిగ్నల్‌కి అడ్డం రాకుండా 30ని వెయ్యిన్నొక్కటో వంతు తగ్గించారు. ఆ అతుకు ఇంకా మన మెడకి చుట్టుకుని ఉంది. ఒక క్లిప్ 29.97, దాన్ని 30గా చదివితే గంటకి 3.6 సెకన్లు, 80 నిమిషాలకి 4.8 సెకన్ల తేడా వస్తుంది. అది మొదటి నుంచి చివరిదాకా గీత గీసినట్టు పెరుగుతుంది, మధ్యలో వెనక్కి రాదు. అలా పెరిగితేనే మీ 0.1 శాతం మందు వేయండి.

మధురవాడ నుంచి:
ఇంకో డౌట్. ఫోన్ 30, కెమెరా 25. టైమ్‌లైన్ ఏది ఉంచాలి? యూట్యూబ్‌లో ఒకాయన, క్లిప్ అట్రిబ్యూట్స్‌కి వెళ్లి 30ని 25 చేసెయ్యమన్నాడు.

డాబాగార్డెన్స్ నుంచి:
అది స్లో మోషన్ కోసం చెప్పి ఉంటాడు. అలా మారిస్తే 80 నిమిషాల క్లిప్ 96 నిమిషాలవుతుంది, సౌండ్‌తో పొత్తు అక్కడితో తెగిపోతుంది. అసలు జోలికే వెళ్లకండి.

టైమ్‌లైన్ మాత్రం, సగం కన్నా ఎక్కువసేపు ఏ కోణం చూపిస్తారో దాని రేటు. ముందు నుంచి ఫోన్ షాటే ఎక్కువ వాడేట్టయితే 30 పెట్టండి. 25లో పెడితే ఫోన్ క్లిప్‌లో ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది, వేగంగా జతులు పడేటప్పుడు పాదాలు కుదుపుతో కనిపిస్తాయి. కూచిపూడికి అది నేనైతే ఒప్పుకోను. దూరం నుంచి తీసిన కెమెరాలో కొన్ని ఫ్రేములు రెండేసిసార్లు వచ్చినా అంత తెలియదు. రిజాల్వ్‌లో పాత టైమ్‌లైన్ రేటు మారదు. కొత్త టైమ్‌లైన్ చేసేటప్పుడు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్ వాడు అన్న టిక్కు తీసేసి 30 ఇచ్చుకోండి. అప్పుడు భీమిలి వారు చెప్పిన 80 వెయ్యో వంతులు దాదాపు రెండున్నర ఫ్రేములవుతాయి. రెండు జరిపి చూడండి, మూడు జరిపి చూడండి, ఏది బాగుంటే అది.

రికార్డర్ శాంపిల్ రేటు, అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో ఆ అంకె, ఎంతలో ఉంది, 44.1ఆ, 48ఆ?

మధురవాడ నుంచి:
44.1.

డాబాగార్డెన్స్ నుంచి:
పర్వాలేదు, సాఫ్ట్‌వేర్ తనే మార్చుకుంటుంది. తప్పుగా చదివి ఉంటే 80 నిమిషాలు 73 నిమిషాల 30 సెకన్లకి కుదించుకుపోయేది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోయేది. మీకన్నా ముందు పాడినావిడే ఫోన్ చేసి ఉండేవారు. ఇకమీదట మాత్రం 48లో పెట్టండి, వీడియో పనికి అదే వాడుక.

మధురవాడ నుంచి:
రాత్రి కన్వర్ట్ చేశాను. మీడియాఇన్ఫో కాన్‌స్టంట్ 30 అంటోంది. 30 టైమ్‌లైన్‌లో వేశాను. తరంగం ముందు, తర్వాత రెండు చోట్లా కుదిరింది! కెమెరా క్లిప్ మూడు ఫ్రేములు జరిపితే బాగుంది. కానీ ఫోన్ క్లిప్ చివర్లో ఇంకా మూడు ఫ్రేముల తేడా. ఈసారి సమంగానే పెరుగుతోంది, 40వ నిమిషంలో ఒకటిన్నర.

భీమిలి నుంచి:
ఇది రెండు గడియారాల తగాదా. ఫోన్లో గడియారం నడిపే క్రిస్టల్ ఒకటి, రికార్డర్లో ఇంకొకటి, రెండూ అచ్చంగా ఒకేలా నడవవు. పది లక్షల్లో ఇరవై వంతుల తేడా ఉన్నా 80 నిమిషాలకి 96 వెయ్యో వంతులు, అంటే 30లో దాదాపు మూడు ఫ్రేములు. దీనికి స్పీడ్ మార్చాలంటే 0.002 శాతం మార్చాలి, ఆ పెట్టెలో అంత చిన్న అంకె పట్టకపోవచ్చు. ఐటమ్‌కి ఐటమ్‌కి మధ్య చప్పట్లలో వీడియోని కోసి, ఒక్కో ఫ్రేము జరుపు. సౌండ్‌ని మాత్రం ఎక్కడా కొయ్యకు, అది మొదటి నుంచి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి.

కెమెరా ఫైలు ముక్కలుగా వచ్చిందా? వచ్చి ఉంటే మొదటి ముక్క కలిపి మిగతావి వెనక అతికించెయ్యకు, ఒక్కో ముక్కనీ విడిగా కలుపు.

గాజువాక నుంచి:
ఫోన్‌తోనే తీసేవాళ్లకి ముందు జాగ్రత్త ఏదైనా ఉందా? నా దగ్గర ఐఫోన్.

డాబాగార్డెన్స్ నుంచి:
సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియో. అక్కడ ఆటో ఎఫ్‌పీఎస్ ఆపెయ్యండి. పాల్ (25 ఫ్రేముల టీవీ పద్ధతి) ఫార్మాట్లు చూపించు అన్నది ఆన్ చేస్తే 25 కూడా వస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లు బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోవచ్చు, ఉచితం, అన్ని ఫోన్లలో పనిచెయ్యదు. షట్టర్ 50లో ఒక వంతుకి లాక్ చేస్తే చీకట్లోనూ ఫోన్ ఫ్రేములు తగ్గించుకోదు, మన 50 హెర్ట్జ్ కరెంటు లైట్ల మినుకు కూడా చాలావరకు తగ్గుతుంది. పెళ్లి పందిట్లో సీరియల్ సెట్లు, చవక ఎల్‌ఈడీలు మాత్రం ఎవరి మాటా వినవు, ముందురోజే ఒక నిమిషం తీసి చూసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన క్లిప్ టైమ్‌లైన్‌లో వెయ్యకండి, డాక్యుమెంటుగా పంపమనండి.

మధురవాడ నుంచి:
కోసి జరిపాను, చివరిదాకా కుదిరింది. ఎక్స్‌పోర్ట్ 30, సౌండ్ 48 ఇచ్చాను. ఇప్పుడు 34 శాతం దగ్గర ఉంది.