లెక్కల్లో ‘కొట్టేసుడు’ అంటే ఏం చేసినట్టు?

హనుమకొండ, జూనియర్ కాలేజీ గణితం:

అందరికీ నమస్కారం. మన దిక్కు లెక్కల క్లాసులో రోజూ వినపడే మాట ‘కొట్టేసుడు’. “పైన కింద ఎక్స్ కొట్టెయ్”, “రెండు దిక్కుల ఏడు కొట్టేస్తే పోతది”, “డీయూ డీయూ కొట్టుకపోతయి” అంటుంటాం. బీజగణితం మొదటి పాఠం నుంచి కలన గణితం దాకా ఇదొక్క మాటతోనే నడుస్తుంది. పిల్లల తప్పులు చాలావరకు ఆ గీత కొట్టే చోటనే కనబడతాయి. ఈ మాటకు గణితంలో కచ్చితమైన అర్థం ఏమిటి? దీన్ని వదిలి వేరే మాట వాడాలా?

కరీంనగర్, డిగ్రీ కాలేజీ:

మేడం, ఈ మాట కింద రెండు పనులున్నాయి. ఒకటి తీసివేత, ఇంకోటి భాగహారం. ఎక్స్ + 7 = 3ఎక్స్ + 7 తీసుకోండి. రెండు వైపులా 7 కొట్టేసినప్పుడు చేసింది తీసివేత. ఆ చోట మిగిలింది 0. ఇప్పుడు ఎక్స్ = 3ఎక్స్ వచ్చింది. పిల్లలు అదే ఊపులో ఎక్స్‌ను కూడా కొట్టేసి 1 = 3 అని రాసి, ‘సాధన లేదు’ అని ముగిస్తారు. ఈసారి చేసింది ఎక్స్‌తో భాగించడం. ఎక్స్ సున్నా కాదని తెలిస్తేనే ఆ పని చెల్లుతుంది. ఇక్కడ జవాబే సున్నా.

ఎక్స్² = 5ఎక్స్ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఎక్స్ కొట్టేస్తే 5 ఒక్కటే మిగిలి, 0 అనే మూలం పోతుంది. అన్నీ ఒక వైపుకు తెచ్చి ఎక్స్(ఎక్స్ − 5) = 0 అని రాస్తే రెండూ దొరుకుతాయి.

భిన్నాల్లో ఇంకో చిక్కు. (ఎక్స్ + 6)/6 లో ఆరూ ఆరూ కొట్టేసి ‘ఎక్స్’ అని రాస్తారు. ఎక్స్ = 6 వేసి చూడమనండి: అసలు విలువ 12/6, అంటే 2. వాళ్ళ జవాబు 6. లవంలో ఆ 6 ఒక పదం మాత్రమే. లవం మొత్తానికీ, హారం మొత్తానికీ కారణాంకం అయినదాన్నే కొట్టేయవచ్చు. (సైన్ 2ఎక్స్)/2 ను సైన్ ఎక్స్ చేసేవాళ్ళూ ఉన్నారు. ఎక్స్ = 30° దగ్గర మొదటిది సుమారు 0.433, రెండోది 0.5. సైన్ లోపలున్న 2 బయటి 2కు కారణాంకంగా దొరకదు.

జగిత్యాల, హైస్కూలు:

సార్ చెప్పిన దానికి ఒక్కటి కలుపుత. మామూలు మాటల్ల కొట్టేసుడంటే ఏమీ మిగల్చకపోవుడే. రిజిస్టర్ల పేరు కొట్టేసిండ్రంటే పేరు లేనట్టే, కోర్టుల కేసు కొట్టేసిండ్రంటే కేసు లేనట్టే. పిల్లగాడు గదే అర్థం లెక్కలకు తెచ్చుకుంటడు. 3/(3ఎక్స్) ఇయ్యున్రి: మూడు మూడు కొట్టేసినంక పైన ఖాళీ కనబడుతది. కొందరు ఆ ఖాళీని 0 అనుకొని జవాబు 0 అంటరు, కొందరు కింద మిగిలిన ఎక్స్‌నే జవాబుగ రాస్తరు. రావాల్సింది 1/ఎక్స్. తప్పు పిల్లగానిది అని ఊకుంటే ఎట్ల? మనం ఇచ్చిన మాటనే ‘ఏం లేదు’ అని చెప్తున్నది కదా.

జనగామ, సంస్కృతం:

మన పాత గణితంలో ఈ రెండు పనులకు రెండు పేర్లున్నాయి. సమీకరణం రెండు పక్షాల నుంచి సమానమైనదాన్ని తీసేయడం సమశోధనం. ఉమ్మడి భాజకంతో భాగించి సంఖ్యలను చిన్నవి చేయడం అపవర్తనం. శోధనం అంటే ఇక్కడ తీసివేత. ‘బీజగణితం’ అనే గ్రంథం రాసిన భాస్కరాచార్యుల సంప్రదాయంలో ఈ రెండూ కలిసిపోవు.

సున్నా సంగతి కూడా ఆయన పట్టించుకున్నారు. 1150 నాటి ఆయన గ్రంథం ‘లీలావతి’లో ఒక నియమం ఉంది: ఒక రాశిని సున్నాతో గుణించినా, ఇంకా చేయాల్సిన లెక్క మిగిలి ఉంటే వెంటనే సున్నా అని తేల్చేయకుండా ఆ గుణకాన్ని గుర్తుంచుకోవాలి, తర్వాత సున్నాయే భాజకంగా వస్తే రాశి మారకుండా ఉన్నట్టే అనుకోవాలి. అంటే సున్నాను సున్నాతో కొట్టేయడమే!

వరంగల్, డిగ్రీ గణితం:

జనగామ సార్, ఆ నియమం చదివితే అవధి (లిమిట్: ఎక్స్ ఒక విలువకు దగ్గరవుతుంటే ప్రమేయం ఏ విలువకు దగ్గరవుతుందో అది) గుర్తుకొస్తుంది, నిజమే. కానీ దాన్నిబట్టి ఆయనకు అవధి భావన ఉందనలేం. అక్కడ ఉన్నది అసలు సున్నాయే. ఇప్పటి గణితంలో సున్నాతో భాగహారానికి నిర్వచనం లేదు, అవధి ఆ ఇబ్బంది నుంచి తప్పించుకునే దారి. ఎక్స్ 3ను సమీపించినప్పుడు (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3) కు అవధి కావాలి. ఎక్స్ − 3 ను కొట్టేసి ఎక్స్ + 3 అని, 3 వేసి 6 అంటాం. విద్యార్థి అడగాల్సిన ప్రశ్న: “సున్నాతో భాగించొద్దన్నరు, మరి ఇప్పుడెట్ల కొట్టేసిండ్రు?” అవధి నిర్వచనంలో ఎక్స్ 3కు ఎంత దగ్గరికైనా వస్తుంది, 3 మాత్రం కాదు. అందుకని ఎక్స్ − 3 ఆ లెక్కలో ఎక్కడా సున్నా కాదు. ఆ మొదటి ప్రమేయమూ, ఎక్స్ + 3 అనే ప్రమేయమూ ఒకటి కావు: మొదటిదాని ప్రదేశంలో (ఎక్స్ తీసుకోగల విలువల్లో) 3 లేదు.

గొలుసు నియమం (డీవై బై డీఎక్స్ = డీవై బై డీయూ × డీయూ బై డీఎక్స్) దగ్గర డీయూ కొట్టేసుడు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, రుజువుగా పనికిరాదు. ఎక్స్ కొద్దిగా మారినప్పుడు యూలో మార్పు సున్నా కూడా కావచ్చు, దాంతో భాగించలేం. రెండో అవకలజానికి (రెండుసార్లు అవకలనం చేస్తే వచ్చేదానికి) వస్తే ఆ గుర్తు కూడా మోసం చేస్తుంది. వై = యూ², యూ = ఎక్స్³ అనుకోండి. వై అంటే ఎక్స్⁶, రెండో అవకలజం 30ఎక్స్⁴. కొట్టేసే ఊపులో యూ పరంగా వై రెండో అవకలజాన్ని (2), ఎక్స్ పరంగా యూ అవకలజం వర్గంతో (9ఎక్స్⁴) గుణిస్తే 18ఎక్స్⁴ మాత్రమే వస్తుంది. మిగతా 12ఎక్స్⁴ ఎక్కడిదంటే, యూ పరంగా వై మొదటి అవకలజం 2యూ, అంటే 2ఎక్స్³ ను, ఎక్స్ పరంగా యూ రెండో అవకలజం 6ఎక్స్ తో గుణించిన పదం. లబ్ధ నియమం పెట్టి రెండోసారి అవకలనం చేస్తేనే అది కనబడుతుంది.

ఇక తీసివేత ఎప్పుడూ భద్రమే అనుకోవద్దు. 1/ఎక్స్ సమాకలనిని విభాగ సమాకలనంతో (ఇంటిగ్రేషన్ బై పార్ట్స్) చేయండి: 1/ఎక్స్ ను మొదటి ప్రమేయంగా, 1 ని రెండోదిగా తీసుకుంటే, ∫(1/ఎక్స్) = 1 + ∫(1/ఎక్స్) అని వస్తుంది. రెండు వైపులా ఆ సమాకలనిని కొట్టేస్తే 0 = 1. కొట్టేసే ముందటి అడుగుల్లో ఎక్కడా తప్పు లేదు. అనిశ్చిత సమాకలని అంటే స్థిరరాశి తేడాతో ఉన్న ప్రమేయాల కుటుంబం. రెండు వైపులా ఉన్నది ఒకే ప్రమేయం అని చెప్పలేం. తీసేస్తే మిగిలేది ఏదో ఒక స్థిరరాశి. పై, కింది హద్దులు (వీటినీ అవధులే అంటాం) వేసి నిశ్చిత సమాకలనిగా చేసి చూడండి, ఆ 1 తనంతట తనే పోతుంది: పై అవధి దగ్గరా 1, కింది అవధి దగ్గరా 1.

హనుమకొండ, జూనియర్ కాలేజీ గణితం:

చాలా సంతోషం. మరి క్లాసులో ఏమనాలి? సమశోధనం, అపవర్తనం అంటే పిల్లలు భయపడతారు.

కరీంనగర్, డిగ్రీ కాలేజీ:

మాట మార్చనక్కర లేదు మేడం. గీత కొట్టిన ప్రతిసారీ ‘ఏం మిగిలింది?’ అని అడిగించండి. తీసేస్తే సున్నా, భాగిస్తే ఒకటి. భాగించిన చోట గీత పక్కన చిన్నగా 1 రాయించాలి. జగిత్యాల అన్న చెప్పిన ఖాళీ అప్పుడు రాదు. చలరాశి ఉన్నదాన్ని కొట్టేస్తే అదే వరుసలో కుడి వైపు ‘ఎక్స్ ≠ 3’ లాంటి షరతు రాయించాలి. సమీకరణంలోనైతే ఆ వదిలేసిన విలువను విడిగా వేసి చూడాలి.

వరంగల్, డిగ్రీ గణితం:

ఆ షరతు రాసే అలవాటు డిగ్రీలో అవకలన సమీకరణాల దగ్గర అక్కరకొస్తుంది. డీవై బై డీఎక్స్ = వై² లో చలరాశులను వేరు చేయడానికి వై² తో భాగిస్తాం. వచ్చే జవాబు వై = −1/(ఎక్స్ + సీ). సీకి ఏ విలువ ఇచ్చినా ఇందులోంచి వై = 0 రాదు, కానీ అది కూడా సాధనే. వై ≠ 0 అని పక్కన రాసుకున్నవాళ్ళు దాన్ని తిరిగి చేర్చుకుంటారు.

మాత్రికల్లో అయితే ఇంకా జాగ్రత్త. సమూహ సిద్ధాంతంలో (గ్రూప్ థియరీ) కొట్టివేత న్యాయం ఉంది, ఎందుకంటే అక్కడ ప్రతి మూలకానికీ విలోమం ఉంటుంది. మాత్రికలకు ఆ హామీ లేదు. మొదటి వరుస 1, 0, రెండో వరుస 0, 0 ఉన్న మాత్రికతో ఎడమ నుంచి గుణించండి: కుడి మాత్రిక (1, 2, 3, 4) అయినా, (1, 2, 5, 6) అయినా లబ్ధం ఒక్కటే, (1, 2, 0, 0); వీటిలో మొదటి రెండు అంకెలు మొదటి వరుస, తర్వాతి రెండు రెండో వరుస. ఎడమ మాత్రికను కొట్టేస్తే 3 = 5 అన్నట్టే. కొట్టేసే ముందు విలోమం ఉందో లేదో తెలియడానికి, ఆ మాత్రిక నిర్ధారకం (డిటర్మినెంట్) సున్నా అవునో కాదో చూడాలి.