ఆదివారం రాత్రి రాక్ పాటలు: మీరు ఆ వేళకే వింటారా, తీరిక చూసుకుని వింటారా?

ఆదివారం_తొమ్మిది:

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు రేడియోలో వచ్చే పాత రాక్ పాటల కార్యక్రమం వింటున్నాను. నిడివి రెండు గంటలు. వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేసుకునేది కూడా ఆ రెండు గంటల్లోనే. బల్లకు ఎడమవైపు రేడియో, కుడివైపు నోటుపుస్తకం. పాట మొదలవగానే ఏ బృందానిదో ఊహించి రాసుకుంటాను. పాట అయ్యాక వ్యాఖ్యాత చెప్పిన పేరుతో సరిచూసుకుంటాను. మొదటి ఏడాది పదింటిలో రెండు సరిపోతే గొప్ప. ఇప్పుడు ఆ డ్రమ్స్ బరువు చెవిన పడగానే లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ అని, గిటార్‌లా గరగరలాడే ఆర్గన్ వినగానే డీప్ పర్పుల్ బృందంలోని జాన్ లార్డ్ అని రాసేస్తున్నాను.

ఈ వ్యాఖ్యాతలో నాకు నచ్చేది ఆయన మౌనం. పాట పూర్తిగా సద్దుమణిగేదాకా నోరు విప్పరు. ఒకసారి బీటిల్స్ 'ఎ డే ఇన్ ద లైఫ్' వేశారు. 1967 నాటి పాట. చివర కొన్ని పియానోల మీద ఒకేసారి మోగించిన స్వరం దాదాపు నలభై సెకన్లపాటు సన్నబడుతూ పోతుంది. ఆ నలభై సెకన్లూ మాకు వదిలేశారు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అది వినపడకుండా పోయేదాకా నిలబడిపోయాను.

ఇక అసలు విషయం. నాలుగు వారాల క్రితం డోర్స్ బృందం పాట 'లైట్ మై ఫైర్' వేశారు. నా దగ్గరున్న క్యాసెట్‌లో అది మూడు నిమిషాల లోపే అయిపోతుంది. అలవాటు కొద్దీ అక్కడికి అయిపోతుందనుకుని పెన్ను తీశాను. అయిపోలేదు. ఆర్గన్ అందుకుంది, అది చాలాసేపు తిరిగి తిరిగి గిటార్‌కు అప్పగించింది, అప్పుడు గానీ మళ్లీ గొంతు రాలేదు. ఏడు నిమిషాలు! ఇన్నేళ్లూ నేను విన్నది ఆ పాట తలా తోకా మాత్రమేనని అప్పుడు తెలిసింది.

ఆ మరుసటి వారమే, ఇకపై కార్యక్రమం రికార్డింగును పాటల జాబితాతో సహా ఇంటర్నెట్‌లో ఉంచుతామని చెప్పారు. ఎప్పుడైనా వినవచ్చు, నచ్చని పాట దాటేయవచ్చు. మా ఇంట్లో అందరూ, ఇక ఆదివారం రాత్రికి కట్టుబడి ఉండనక్కరలేదు కదా అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. మీరు ఎలా వింటారు? పూర్తి నిడివిలో వింటే వేరే పాటేమో అనిపించేవి ఇంకేమున్నాయి?

పాత_రికార్డు:

రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, నాకు ప్రాణమైన విషయం అది.

ఆ రోజుల్లో రేడియోకు మూడు నిమిషాల పాట కావాలి. నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డు మీద సింగిల్‌గా, అంటే విడి పాటగా, వచ్చేది కూడా ఆ కొలతకే. 'లైట్ మై ఫైర్' సింగిల్ కోసం మధ్యలోని ఆర్గన్, గిటార్ సోలోలను కోసేశారు. 1967 వేసవిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది ఆ కోసిన పాటే. మీ క్యాసెట్‌లో ఉన్నదీ అదే అయి ఉండాలి.

పొడవు పాటలకు చోటు దొరికింది ఎఫ్‌ఎం వల్ల. అమెరికాలో ఒకే యజమాని తన ఏఎం (మీడియం వేవ్ లాంటి పాత పద్ధతి) కార్యక్రమాన్నే ఎఫ్‌ఎంలోనూ రోజంతా మళ్లీ వినిపించకూడదని పెద్ద నగరాల స్టేషన్లకు ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఎఫ్‌ఎంకు వేరే సరుకు కావలసి వచ్చింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ స్టేషన్‌లో వ్యాఖ్యాత టామ్ డొనహ్యూ సింగిళ్లను పక్కన పెట్టి ఆల్బమ్‌లలోని పొడవు పాటలు వేయడం మొదలుపెట్టారు. మీ ఆదివారం కార్యక్రమానికి తాతముత్తాతలు ఆ ప్రసారాలే.

తరువాత బృందాలకూ ధైర్యం వచ్చింది. లెడ్ జెపెలిన్ 1971లో 'స్టెయిర్‌వే టు హెవెన్'ను అమెరికాలో సింగిల్‌గా విడుదల చేయనివ్వలేదు. ఎనిమిది నిమిషాల పాట. కావాలంటే ఆల్బమ్ మొత్తం కొనుక్కోవలసిందే. 1975లో క్వీన్ 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాలు. అంత పొడవు పాటను రేడియో వేయదని అనుమానించినవారు ఉన్నారు. లండన్‌లో రేడియో వ్యాఖ్యాత కెన్నీ ఎవరెట్ ఒక్క వారాంతంలోనే దాన్ని 14 సార్లు వేశారట. పాటను పూర్తిగా వేయాలంటే మైకు ముందు కూర్చున్న మనిషికి దాని మీద ప్రేమ ఉండాలి. మీ వ్యాఖ్యాత ఆ కోవకు చెందినవారే అనిపిస్తోంది.

రెండో_షిఫ్ట్:

నేను రికార్డింగే వింటాను. ఆదివారం రాత్రి నాకు పని ఉంటుంది, వేరే దారి లేదు. అలాగని ఆనందం తగ్గిందని ఒప్పుకోను. ఒక్క నియమం పెట్టుకున్నాను: పాటల జాబితా చూడను, ఏ పాటనూ దాటేయను. తరువాత వచ్చేది ఏమిటో తెలియకపోతే సోమవారం ఉదయం కూడా ఆదివారం రాత్రే. మీ నోటుపుస్తకానికీ ఇబ్బంది ఉండదు.

నేలమాళిగ:

రెండో_షిఫ్ట్ గారి నియమం నాకు నచ్చింది. అయినా వీలున్నవారు ఆ వేళకే వినాలంటాను. ఫోనులో నేను ఎంచుకునే పాటలన్నీ నాకు ముందే తెలిసినవి. నాకు తెలియనిదాన్ని నేనెలా ఎంచుకోగలను? అందుకు నా కన్నా ఎక్కువ విన్న మనిషి కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇలాంటి కార్యక్రమంలోనే ఒక రాత్రి 1929 నాటి పాట వేశారు. కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ రికార్డు చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్'. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద గురించిన పాట. రెండు గిటార్లు, ఒక గొంతు, అంతే. రాక్ కార్యక్రమంలో ఇదెందుకు అనుకుంటూ ఉండగానే, ఒక్క మాటా చెప్పకుండా లెడ్ జెపెలిన్ పాడిన అదే పాటలోకి వెళ్లిపోయారు. డ్రమ్స్ మొదలవగానే గది నిండిపోయింది. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో డ్రమ్స్‌ను మెట్లున్న హాల్లో పెట్టి, మైకులను పైమెట్ల నుంచి వేలాడదీసి రికార్డు చేశారని ఆ తరువాత చెప్పారు. భవనం కూడా డ్రమ్స్‌తో కలిసి మోగుతుందన్నమాట. ఆ రెండు పాటలనూ విడివిడిగా వంద సార్లు విన్నా, వాటి మధ్య ఉన్న నలభై ఏళ్ల దారి నాకు కనపడేది కాదు. పక్కపక్కన పెట్టినవారి వల్ల కనపడింది.

ఈసారి ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి, స్పీకరు పెద్దదిగా ఉన్న సెట్‌లో వినండి. ఆ మెట్ల గది వినపడుతుంది.

ఆదివారం_తొమ్మిది:

అందరికీ కృతజ్ఞతలు. పాత_రికార్డు గారు, నా క్యాసెట్ అట్ట మీది అక్షరాలను భూతద్దంతో చూశాను. పాట పేరు పక్కన 'సింగిల్' అని సన్నగా ఉంది. మీరు చెప్పినదే నిజం.

నిన్న రాత్రి కూడా తొమ్మిదింటికే విన్నాను. నేలమాళిగ గారి మాట మీద రేడియోను పెద్ద స్పీకరుకు కలిపాను. రెండో గంట మొదట్లో పింక్ ఫ్లాయిడ్ 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' వేశారు. మాటలు లేని పాట, ఒక స్త్రీ గొంతు మాత్రమే ఎగసి, విరిగి, చివరకు శాంతించే పాట. ఇదివరకు విన్నదే కాబట్టి బృందం పేరు రాసేసి ధీమాగా ఉన్నాను. పాట అయ్యాక ఎప్పటిలాగే కాసేపు ఆగి, ఆ గొంతు గురించి చెప్పారు. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం ఆబీ రోడ్ స్టూడియోకు పిలిచి, మాటలేమీ లేవు, నీకు తోచినట్లు పాడమన్నారట. ఆదివారం కాబట్టి రెట్టింపు వేతనం, 30 పౌండ్లు. తన పాట ఉంచరనే అనుకుని వెళ్లిపోయిందట. సంగీత రచనలో తన భాగం కోసం 2004లో ఆమె కోర్టుకు వెళ్లింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట రచయితలుగా బృందంలోని రిచర్డ్ రైట్ పేరు పక్కన ఆమె పేరూ ఉంది.

ఇదంతా చెప్పి, ఆ పాటనే మళ్లీ మొదటి నుంచి వేశారు. మూడేళ్లలో ఆయన ఒకే రాత్రి ఒకే పాట రెండుసార్లు వేయడం ఇదే మొదటిసారి. ఈసారి ఆ గొంతు వెనుక మనిషి ఉంది. చొక్కాలు మూడు అలాగే మిగిలిపోయాయి. నోటుపుస్తకంలో 'పింక్ ఫ్లాయిడ్' అని రాసినచోట పక్కనే 'క్లేర్ టోరీ' అని చేర్చాను.

రెండో_షిఫ్ట్ గారు, రికార్డింగు ఇంకా వినకపోతే ఈ చివరి భాగం చదవకముందే వినవలసింది. ఆలస్యంగా చెబుతున్నందుకు మన్నించండి.

రెండో_షిఫ్ట్:

ఈ ఉదయమే విన్నాను. రెండుసార్లూ.