మిద్దె మీద 24 మందికి అరిటాకు భోజనం: బల్లలు ఎట్లా వేయాలి, వడ్డన ఏ వరసలో?

మిద్దెవిందు (తిరుపతి):
ఈ నెలాఖరు శనివారం రాత్రి మా ఇంటి మిద్దె మీద 24 మందికి భోజనం పెడుతున్నాం. వంట ఇంట్లోనే. ఓళిగ, అలసంద వడ, చిత్రాన్నం, అన్నం, పప్పు, నెయ్యి, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి), మామిడికాయ ఊరగాయ, సాంబారు, మిరియాల రసం, పెరుగు, అప్పళం అనుకున్నాం. ఎనిమిది మంది పెద్దవాళ్లు కింద కూర్చోలేరు, అందుకే అందరికీ బల్లలే. బఫే వద్దనుకున్నాం, అరిటాకులోనే పెట్టాలి. మిద్దె 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. వడ్డించడానికి ముగ్గురం ఉన్నాం.

బల్లలు ఎట్లా సర్దాలి? ఆకులు ఎన్ని తేవాలి? ఏది ముందు, ఏది వెనక? ఎంతెంత వండాలి? ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినని వాళ్లు నలుగురు ఉన్నారు. రాగిసంగటి కూడా ఉండాలని ఇంట్లో అంటున్నారు, ఆకు మీద అది కుదురుతుందా?

కొసాకు:
ముందు బల్లల సంగతి. డైనింగ్ బల్లకు రెండువైపులా కూర్చోబెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వడ్డించేవాళ్లు భుజాల మీదుగా వంగాల్సి వస్తుంది, సాంబారు చుక్కలు చీరల మీద పడేది అప్పుడే. బంతి ఒకవైపు కూర్చోవాలి, వడ్డన ఎదుటివైపు నుంచి రావాలి. షామియానా షాపులో 6 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉండే మడత బల్లలు బాడుగకు ఇస్తారు. మనిషికి రెండడుగుల లెక్కన ఒక్కో బల్లకు ముగ్గురు. నాలుగు తెచ్చుకుంటే బంతికి 12 మంది, రెండు బంతుల్లో అయిపోతుంది. రెండేసి బల్లలు కలిపి రెండు వరసలు వేయండి. కూర్చున్నవాళ్ల వీపులు పిట్టగోడ వైపు, ముఖాలు ఎదురెదురుగా ఉండాలి. మధ్యలో ఐదారు అడుగుల దారి వదిలితే వడ్డించేవాళ్లకు 12 ఆకులూ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఎవరి ఆకులో ఏది అయిపోయిందో అడగకుండానే తెలుస్తుంది. పెద్దవాళ్లను మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి, కుర్చీలకు చేతులు ఉంటే లేవడానికి వాళ్లకు పట్టు దొరుకుతుంది.

ఆకులు 30 తీసుకోండి, రెండుమూడు ఎట్లాగూ చిరుగుతాయి. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉంటే చాలు. పొద్దున తెచ్చి అట్లే వదిలేస్తే సాయంత్రానికి వడలిపోతాయి. మధ్యాహ్నం తెచ్చి, తడిపిన గోనెసంచి కప్పి నీడలో పెట్టండి. రెండువైపులా కడిగి తుడవాలి, వెనకవైపు తెల్లటి పొడిలాంటిది, దుమ్ము ఉంటాయి.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఆకును బోర్లించి, నడిమి ఈనె వీపును చాకుతో పలచగా చెక్కాలి. ఈనె మందంగా ఉంటే ఆకు నడుమ ఎత్తుగా లేచి, కింది సగం తినేవాళ్ల ఒడివైపు వాలుతుంది. రసం ఒళ్లోకి కారేది అందుకే. చెక్కినాక పొయ్యి సెగకు రెండు మూడు క్షణాలు అటూ ఇటూ చూపిస్తే ఆకు నిగనిగలాడుతూ మెత్తబడుతుంది, వంచినా చీలదు.

కొస ఎడమచేతి వైపు ఉండాలి. కలిపేది కుడిచేత్తో కాబట్టి వెడల్పు భాగం అటే ఉండాలి. ఎంగిలి కాని ఎడమచేత్తో ఎత్తుకుంటారు కాబట్టి నీళ్ల గ్లాసు కూడా ఎడమవైపే, ఆకు కొస పక్కన.

మారువడ్డన (చిత్తూరు):
వరస చెబుతాను. చిన్న చిన్న తేడాలు ఇంటింటికీ ఉంటాయి, మీ ఇంటి పద్ధతి ఉంటే అదే పాటించండి.

బంతి కూర్చోకముందే ఆకు పైసగంలో కొస నుంచి మొదలుపెట్టి ఉప్పు, ఊరగాయ, ఊరిబిండి, వేపుడు, వంకాయ పెట్టేయవచ్చు. ఆకు తడి తుడిచాకే ఉప్పు పెట్టండి. తడి ఉంటే అది కరిగి పక్కనున్న వాటిలోకి పారుతుంది. వంకాయ ఒక్కటి చాలు, మసాలా నూనెను గిన్నెలోనే కాస్త వార్చి వేయండి.

అందరూ కూర్చున్నాక ఓళిగ, దాని మీద ఒక చెంచా నెయ్యి. తర్వాత వడ, చిత్రాన్నం రెండు చెంచాలు. ఆ తర్వాత అన్నం, పప్పు, వెంటనే నెయ్యి. పప్పు వేసిన మనిషి వెనకాలే నెయ్యి మనిషి నడవాలి, కలిపేశాక వచ్చిన నెయ్యి పైపైనే మిగిలిపోతుంది. నెయ్యి గిన్నెను వేడినీళ్ల గిన్నెలో నిలిపి పెట్టుకుంటే పేరుకోదు. అప్పళం సాంబారుతో పాటు రావాలి. ముందే పెడితే ఆకు చెమ్మకు మెత్తబడుతుంది.

వడ్డనలో పెద్ద తప్పు మొదటిసారే అన్నం కుప్పగా వేయడం. పప్పుకు, సాంబారుకు, రసానికి, పెరుగుకు నాలుగుసార్లు అన్నం కావాలి. ఓళిగ, వడ తిన్న కడుపుకు మొదటి వడ్డన ఒక హస్తానికి (అన్నం గరిటెకు) మించకూడదు. తర్వాత ప్రతిసారీ అర హస్తం. మొదట్లో ఎక్కువ పడితే పెరుగు వచ్చేసరికి ఎవరికీ చోటుండదు, ఆకులో అన్నం పారబోతుంది. మారు కావాలా అని దూరం నుంచి కేకేస్తే మొహమాటపడి వద్దంటారు. గరిటెతో ఆకు దగ్గరికి వెళ్లండి, వద్దనుకున్నవాళ్లు చెయ్యి అడ్డం పెడతారు.

సాంబారు బకెట్ సగానికే నింపుకోండి. గరిటె ముంచిన ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి, లేకపోతే మొదటి వాళ్లకు నీళ్లు, చివరి వాళ్లకు ముద్ద. ఎత్తాక గరిటె అడుగును బకెట్ అంచుకు ఒకసారి ఒరిపితే చుక్క రాలదు. అన్నం మధ్యలో గుంట చేసుకునేదాకా ఆగి, ఆ గుంటలోనే పోయండి. ఆకు మీద నేరుగా పోస్తే పారుతుంది.

ముగ్గురిలో ఒకరు అన్నం, ఒకరు పప్పు, సాంబారు, రసం, ఇంకొకరు నెయ్యి, నీళ్లు, ఆధరువుల మారు చూసుకోండి. ముగ్గురూ ఒకే చివర నుంచి ఒకే దిక్కుగా నడవాలి, ఎదురుపడితే బకెట్లు తగులుతాయి. ఒక బంతికి 35 నిమిషాలు, బల్ల తుడిచి మళ్లీ ఆకులు వేయడానికి 15 నిమిషాలు. ఏడున్నరకు మొదలైతే ఎనిమిదిన్నర లోపల రెండో బంతి కూర్చుంటుంది.

కొలతగిన్నె:
24 మందికి లెక్క ఇది. అన్నానికి రెండున్నర కిలోల బియ్యం, చిత్రాన్నానికి వేరుగా ఒక కిలో. పప్పుకు కిలో కందిపప్పు, సాంబారుకు 600 గ్రాములు, అది 5 లీటర్లు కావాలి. రసం 3 లీటర్లు, పెరుగు మూడున్నర లీటర్లు, నెయ్యి అర కిలో. కిలో శనగపప్పు, కిలో బెల్లం పూర్ణంతో సుమారు 50 ఓళిగలు వస్తాయి, మనిషికి రెండు. కిలో అలసందలు నానబెడితే చిన్న వడలు 50 దాకా వస్తాయి. వంకాయలు చిన్నవి 50. నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు రెండు పెట్టుకోండి, చేతులు కడగడానికి నీళ్లు వేరే.

వడలు అన్నీ ఒకేసారి వేయించొద్దు. రెండో బంతివి వాళ్లు కూర్చునే ముందు వేయించండి.

రాగిముద్ద:
సంగటి పెట్టొచ్చు, కానీ ఇన్ని రకాల మధ్య పెద్ద ముద్ద పెడితే మిగతావి తినలేరు. చిన్న నారింజపండంత చాలు. అన్నం రాకముందే, ఊరిబిండి, వంకాయ ఆకులో ఉన్నప్పుడే పడాలి. అంత రుచిగల జత ఇంకోటి లేదు.

ముద్ద పెట్టే చోట ఆకు మీద రెండు చుక్కల నెయ్యి రాయండి, లేకపోతే అంటుకుని, లాగితే ఆకు చిరుగుతుంది. చెయ్యి తడుపుకుంటూ ముద్ద చేసి, పైన బొటనవేలితో గుంట నొక్కి, అందులో నెయ్యి పోయాలి. గాలి తగిలితే పైన పెచ్చు కడుతుంది కాబట్టి తడిగుడ్డ పరిచిన హాట్‌ప్యాక్‌లో మూతపెట్టి తీసుకెళ్లండి. అరగంట దాటితే గట్టిపడుతుంది, రెండో బంతికి మళ్లీ కెలుక్కోండి.

శనివారంభోజనం (తిరుపతి):
తేదీ ఖాయం చేసే ముందు ఒక మాట. మన ఊళ్లో శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది, వాళ్లలో రాత్రి అన్నం ముట్టనివాళ్లూ ఉంటారు. పిలిచేటప్పుడే అడగండి. ఇద్దరు ముగ్గురున్నా ఇడ్లీలో, ఉప్మానో విడిగా చేసి, బంతిలోనే అదే ఆకులో పెట్టండి. అందరి మధ్యా కూర్చుంటారు, వేరుగా పెట్టినట్టు ఉండదు.

ఎర్రగడ్డ సంగతికి రెండు రకాల వంట పెట్టుకోవద్దు. రెండు సాంబారులుంటే హడావుడిలో గరిటె మారిపోతుంది, వాళ్లు నమ్మి తింటారు. అన్నీ అవి లేకుండానే చేయండి. సాంబారుకు మునక్కాయ, గుమ్మడి చాలు. వంకాయలోకి వేయించిన చెనిక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి చాలు. ఎర్రగడ్డ వేసిన వడలు కావాలంటే, వేయనివి ముందు వేయించి తీసి, ఆ తర్వాత అదే నూనెలో ఇవి వేయండి.

మిద్దెవిందు (తిరుపతి):
ఒక్కపొద్దు విషయం తట్టనే లేదు, ఈ రోజే అందరినీ అడుగుతాను. ఇంకొకటి: మిద్దె మీద సాయంత్రం గాలి బాగా వీస్తుంది. ఆకులు లేచిపోకుండా ఏం చేయాలి?

కొసాకు:
బల్ల మీద పేపర్ రోల్ పరిచి, రెండు చివర్లూ బల్ల కిందికి మడిచి టేపు వేయండి. దాని మీద నీళ్లు చిలకరించి ఆకు వేస్తే తడికి అతుక్కుంటుంది. నీళ్లు నింపిన గ్లాసును కొస మీదే పెట్టండి, కూర్చున్నాక పక్కకు జరుపుకుంటారు. వడ్డనకు పది నిమిషాల ముందు తప్ప ఆకులు వేయొద్దు.

వాన పడిన మర్నాడైతే దీపాలకు ఉసిళ్లు వస్తాయి. బల్లల మీద దీపం వేలాడదీయకుండా మెట్ల దగ్గర ఒకటి, ఇంకో మూల ఒకటి పెట్టండి, పురుగులు అటుపోతాయి. తిన్న ఆకులు తమవైపు మడిచి వదలమంటే మిగిలినవి లోపలే ఉంటాయి. తీసేవాళ్లు ఒక బుట్టలో పేర్చి తడిచెత్తలో వేయండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి వీధిలో పెడితే ఆవులు కవరుతో సహా తినేస్తాయి.