వెనక నుంచి కారు గుద్దింది: అమ్మ మెడనొప్పి, క్లెయిమ్ గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, 65వ నంబరు జాతీయ రహదారి మీద. సూర్యాపేట దాటాక గేదెలు అడ్డం రావడంతో ముందున్న లారీ ఆగింది. నేనూ బ్రేక్ వేసి ఆపగలిగాను. వెంటనే వెనక కారు వచ్చి గుద్దింది. డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది.

అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాం. మర్నాడు పొద్దుటి నుంచి అమ్మ మెడ తిప్పలేకపోతోంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకునే కూర్చుంది, కానీ హెడ్‌రెస్ట్ బాగా కిందికి ఉంది. దాన్ని పైకి జరపాలని నాకు తట్టనే లేదు, ఆ బాధ పోవడం లేదు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయట. కండరాలు, లిగమెంట్లు సాగితే ఎక్స్‌రేలో కనబడదని డాక్టరు చెప్పారు. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఎన్నాళ్లకు తగ్గింది? ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టారు?

ఇంకో టెన్షన్. వెనక కారాయన 'మీరు సడన్‌గా బ్రేక్ కొట్టారు, తప్పు మీదే' అంటున్నారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపే ఎంత దూరం అయిపోతుందో చూడండి. ఆయన మాకు రెండు కార్ల దూరం కూడా వదల్లేదు. కానీ నా డాష్‌క్యామ్ (కార్లో రోడ్డును రికార్డు చేసే కెమెరా) ముందువైపే ఉంది, ఆయన ఎంత దగ్గరగా వచ్చారో అందులో పడలేదు. దెబ్బతిన్న కార్ల ఫొటోలున్నాయి. పోలీసు ఫిర్యాదు ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తే తీసుకుంటారా? అమ్మ వైద్యం ఖర్చు ఆయన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి రావాలంటే ముందు ఏం చేయాలి? ఇలాంటి క్లెయిమ్ వేసినవాళ్లు దయచేసి చెప్పండి.