120 సర్వర్లకు ఆన్సిబుల్ సరిపోతుందా, పపెట్ పెట్టాలా?

ప్రశ్న:
లినక్స్ సర్వర్లు 120, చూసుకునేది ఇద్దరం. ఇప్పటిదాకా అన్నీ షెల్ స్క్రిప్టులే. యూజర్లు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) సెట్టింగులు, ప్యాచింగ్ (అప్‌డేట్లు వేయడం) ఆటోమేట్ చేయాలి. ఎవరైనా చేత్తో ఫైలు మార్చేస్తే అది మళ్లీ పాత స్థితికి రావాలి కూడా. చాలా సర్వర్ల సెట్టింగులను ఒకేచోటి నుంచి నిర్వహించే ఆన్సిబుల్, పపెట్, సాల్ట్‌లలో ఏది మేలు?

జవాబు 1:
ఆన్సిబుల్‌తో మొదలుపెట్టండి. ఏజెంట్ (ప్రతి సర్వర్‌లో నడుస్తుండే ప్రోగ్రామ్) అక్కర్లేదు, సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. నెమ్మదిగా నడుస్తోందనిపిస్తే ముందు ఫోర్క్స్ చూడండి. డీఫాల్ట్ 5 కాబట్టి ఒకేసారి ఐదు సర్వర్ల మీదే పని జరుగుతుంది. కంట్రోల్ మెషిన్‌లో మెమరీ చూసుకుంటూ 25, 30కి పెంచండి. పైప్‌లైనింగ్ (ఒక్కో టాస్కుకు ఎస్‌ఎస్‌హెచ్ పనులు తగ్గించే సెట్టింగు) ఆన్ చేస్తే ఇంకా వేగం వస్తుంది. కానీ సుడోయర్స్‌లో (సుడో అనుమతుల ఫైలు) రిక్వైర్‌టీటీవై (టెర్మినల్ ఉంటేనే సుడో అనే నియమం) ఉంటే సుడో టాస్కులు ఫెయిలవుతాయి, దాన్ని ముందే తీసేయండి.

దయచేసి పాత స్క్రిప్టులను షెల్ మాడ్యూల్‌లో (కమాండ్లను ఉన్నవి ఉన్నట్టు నడిపే ఆన్సిబుల్ భాగం) అతికించొద్దు. పని ఇప్పటికే అయిపోయిందో లేదో ఆ మాడ్యూల్‌కు తెలియదు. ప్రతిసారీ ‘ఛేంజ్డ్’ అంటుంది, చెక్ మోడ్‌లో (ఏదీ మార్చకుండా ఏం మారుతుందో చూపే పద్ధతి) మామూలుగా ఆ టాస్కును దాటేస్తుంది. యూజర్, టెంప్లేట్, ప్యాకేజ్ మాడ్యూళ్లతో తిరగరాయండి.

జవాబు 2:
ప్రశ్నలో అసలు ముడి, చేత్తో మార్చిన ఫైలు మళ్లీ పాత స్థితికి రావాలన్న మాటలో ఉంది. ఆన్సిబుల్ మనం నడిపితేనే కదులుతుంది. పపెట్ ఏజెంట్ డీఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి కేటలాగ్ (ఆ సర్వర్ ఎలా ఉండాలో చెప్పే జాబితా) తెచ్చుకుని, తేడా కనిపిస్తే తనే దిద్దుతుంది. అయితే మానిఫెస్ట్‌లో (మనం రాసే పపెట్ కోడ్) రాయని ఫైలు జోలికి పోదు. పపెట్ సర్వర్‌లో 8140 పోర్టు తెరవాలి, గడియారాలు కలవాలి. అదే పేరుతో మెషిన్ రీఇన్‌స్టాల్ చేస్తే పాత సర్టిఫికెట్ క్లీన్ చేయాలి, లేకపోతే ఏజెంట్ అక్కడే ఆగిపోతుంది. మొదట కొన్నాళ్లు నోఆప్‌లో (ఏదీ మార్చకుండా) నడిపి, ఏమేం మార్చబోతోందో చూడండి.

జవాబు 3:
మెషిన్లు నాట్ (ప్రైవేట్ నెట్‌వర్క్‌ను బయటి ఐపీ వెనక ఉంచే ఏర్పాటు) వెనక ఉంటే సాల్ట్ సుఖం. మినియన్లే (సాల్ట్ ఏజెంట్లు) మాస్టర్‌కు (సాల్ట్ ప్రధాన సర్వర్) కనెక్ట్ అవుతాయి, మాస్టర్‌లో 4505, 4506 పోర్టులు తెరిస్తే చాలు. వాటిని ఇంటర్నెట్‌కు మాత్రం వదలకండి. 2020లో బయటపడ్డ లోపంతో లాగిన్ లేకుండానే రూట్ కమాండ్లు నడపగలిగారు.

ప్రశ్న అడిగినవారు:
ఆన్సిబుల్‌నే క్రాన్‌లో (నిర్ణీత సమయాలకు కమాండ్లు నడిపే లినక్స్ సదుపాయం) పెడితే సరిపోదా?

జవాబు 1:
ఇద్దరే కాబట్టి నేనైతే అదే అంటాను. మొదటి వారం చెక్, డిఫ్‌తో (ఫైళ్లలో తేడా చూపే ఆప్షన్) మాత్రమే నడపండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ టెంప్లేట్‌కు వ్యాలిడేట్ (ఫైలు పెట్టే ముందు తప్పులు చూసే ఆప్షన్) తప్పనిసరి, అక్కడ తప్పు పడితే 120 సర్వర్లకూ తలుపు మూసుకుంటుంది. ప్యాచింగ్‌ను ఈ క్రాన్‌లో కలపకండి. దానికి వేరే ప్లేబుక్ (ఆన్సిబుల్ టాస్కుల ఫైలు), సీరియల్ (విడతకు ఎన్ని సర్వర్లు) 10 శాతం, మ్యాక్స్ ఫెయిల్ పర్సంటేజ్ (ఎంత శాతం ఫెయిలైనా సహించాలి) 0. సీరియల్ ఒక్కటే పెడితే విడతలో అన్నీ ఫెయిలైతే తప్ప ఆగదు.