పీసీఓఎస్‌కి తిండి, నడక మార్చుకుంటే సరిపోతుందా? మందులూ కావాలా?

గాజువాక అమ్మాయి: నాకు 24 ఏళ్లు. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి. డాక్టరమ్మ పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్లు గతి తప్పే సమస్య) అని మాత్రలు రాశారు. అమ్మేమో ‘నైట్ షిఫ్టులు, నూడుల్స్‌తో నువ్వే తెచ్చుకున్నావు, అవి మానితే చాలు, మాత్రలెందుకు’ అంటోంది. నిజమేనా?

సీతమ్మధార అక్క: అమ్మ మాటలో నిజం ఉందమ్మా. నేను ఏడాదిగా పొద్దున్నే కాళీమాత గుడి నుంచి వుడా పార్కు దాకా నడుస్తున్నాను. 78 కిలోల నుంచి 72కి వచ్చాను. ఇప్పుడు నెలనెలా వస్తోంది. మందు వాడలేదు.

ఎంవీపీ కాలనీ: నేను 48 కిలోలే ఉంటాను, నాకూ పీసీఓఎస్ ఉంది. ఒక డాక్టరు నన్ను సరిగా చూడకుండానే ‘బరువు తగ్గమ్మా’ అన్నారు. ఎక్కడ తగ్గను? మా అమ్మకీ, చెల్లికీ ఇదే. ‘నువ్వే తెచ్చుకున్నావు’ అనే మాట దయచేసి ఎవరినీ అనకండి. చాలా ఏడిపిస్తుంది.

మధురవాడ నర్సు: ఆ మాట నేనూ ఒప్పుకోను. ఇది చాలామందిలో కుటుంబంలో నడిచేదే. అలవాట్లు దాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాంతో అండాశయాల్లో మగ హార్మోన్లు పెరిగి, అండం విడుదల కాకుండా ఆగిపోతుంది. నడిస్తే కండరాలు చక్కెరను వాడుకుంటాయి, ఇన్సులిన్ దిగుతుంది. అందుకే బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకీ నడక మంచిదే, కిలోలు లెక్కపెట్టక్కర్లేదు.

ఫలానా డైటే మేలని పీసీఓఎస్‌పై 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పలేదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని, ఇదీ వాళ్ల సలహా. మన కంచం చూడండి: అన్నం గుట్టలా, కూర చారెడు. ముందు అది తిరగేయాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చెంబుడు తాగి, పైన అన్నం మామూలుగా తింటే లాభం లేదు.

గాజువాక అమ్మాయీ, 90 రోజులు దాటినా రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమైపోవచ్చు, అది మంచిది కాదు. మాత్రలు మానకు.

సీతమ్మధార అక్క: ఆ పొర సంగతి నాకు తెలియదు. మానొద్దమ్మా, నడక మాత్రం కలుపుకో.

గాజువాక అమ్మాయి: ఈసారి అమ్మను కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. నర్సక్కా, గ్లాసు అంబలికి చోడి పిండి ఎంత?

మధురవాడ నర్సు: రెండు చెంచాలు. రాత్రే నీళ్లలో కలిపి పులియనివ్వు, పొద్దున కాచి మజ్జిగ పోసుకో. బెల్లం వద్దు.